శాస్త్రవేత్త పదోన్నతికి ఏది తేదీ?
అర్హత సిద్ధించిన నాటి నుంచా, ఉత్తర్వు వెలువడిన నాటి నుంచా? న్యాయస్థానాల్లో తెగని వివాదం

జంషెడ్‌పూర్: ఎడతెగని వేడికీ, భారానికీ లోనైన లోహం ఎంతకాలం ఓర్చుకోగలదో, ఏ క్షణాన సాగి తెగిపోతుందో తేల్చే పరీక్షను లోహశాస్త్రంలో క్రీప్ పరీక్ష అంటారు. విద్యుత్కేంద్రాల బాయిలర్ గొట్టాలను రూపొందించేవారు చిరకాలంగా లక్ష గంటల ఓర్పును ప్రమాణంగా తీసుకుంటున్నారు. లక్ష గంటలంటే పదకొండేళ్లకు పైమాటే. ఇటువంటి పరీక్షలకు పేరెన్నికగన్న జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల ఇక్కడి బర్మా మైన్స్ ప్రాంతంలో ఉంది. ఎన్.ఎం.ఎల్. అనే పొట్టి పేరుతోనే అది దేశమంతటా పరిచితం. ఉక్కు కడ్డీకి పదకొండేళ్ల గడువు ఇవ్వగలిగిన ఈ రంగంలో, ఆ కడ్డీని పరీక్షించే శాస్త్రవేత్త సర్వీసును మాత్రం మూడేళ్లు, నాలుగేళ్లు, అయిదేళ్ల కొలబద్దతో కొలుస్తారు. ఆ గడువు పూర్తయితే అతడు పై గ్రేడుకు పరిశీలనార్హుడు. అయితే ఆ అర్హత ఎవరికి, ఏ సర్వీసును లెక్కించి, ఏ తేదీ నుంచి అన్న మూడు ప్రశ్నలు దేశంలోని ప్రభుత్వ శాస్త్రవేత్తలను దశాబ్దాలుగా న్యాయస్థానాల మెట్లు ఎక్కిస్తున్నాయి.

ఎన్.ఎం.ఎల్.కు 1946 నవంబరు 21న రాజగోపాలాచారి శంకుస్థాపన చేయగా, 1950 నవంబరు 26న ప్రధాని నెహ్రూ దానిని ప్రారంభించారు. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, అంటే సి.ఎస్.ఐ.ఆర్. నెలకొల్పిన తొలితరం ప్రయోగశాలల్లో ఇది ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారం పనికి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ప్రయోగశాల పాలనలోనూ తెలుగువారి ముద్ర ఉంది. కృష్ణా జిల్లా కవుతరంలో జన్మించిన లోహశాస్త్రవేత్త పాచా రామచంద్రరావు 1992 నుంచి 2002 వరకు దీనికి డైరెక్టరుగా వ్యవహరించి, అనంతరం బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం ఉపకులపతి అయ్యారు. ఇక్కడి శాస్త్రవేత్తలకు వర్తించే పదోన్నతి నిబంధనలే హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థకు, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు, సి.సి.ఎం.బి.కి కూడా వర్తిస్తాయి. కాబట్టి జంషెడ్‌పూర్‌లో ఒక శాస్త్రవేత్త ఫైలుపై పడిన చిక్కుముడి తార్నాకలోని శాస్త్రవేత్తకు పరాయిది కాదు.

ఖాళీతో పనిలేని పదోన్నతి

సాధారణ ప్రభుత్వోద్యోగికి పై మెట్టులో ఖాళీ ఏర్పడితేనే పదోన్నతి. పైవారు విరమించాలి, లేదా కొత్త పోస్టు మంజూరు కావాలి. పరిశోధన రంగానికి ఈ పద్ధతి సరిపడదన్న గుర్తింపు నుంచి వేరొక విధానం రూపుదిద్దుకుంది. మూడవ వేతన సంఘం సిఫార్సుతో కేంద్ర వైజ్ఞానిక శాఖల్లో ప్రవేశించిన ఫ్లెక్సిబుల్ కాంప్లిమెంటింగ్ పథకం సారాంశం ఒక్కటే: ఖాళీతో నిమిత్తం లేదు. నిర్ణీత సర్వీసు పూర్తిచేసి, నిపుణుల పరీక్షలో నెగ్గిన శాస్త్రవేత్త తానున్న పోస్టుతో సహా పై గ్రేడుకు వెళతాడు. అతడు పదవి వీడినప్పుడు ఆ పోస్టు తిరిగి కింది గ్రేడుకు దిగుతుంది. అయిదవ వేతన సంఘం అనంతరం 1998 నవంబరు 9న వెలువడిన ఉత్తర్వు ప్రకారం 'బి' నుంచి 'సి'కి మూడేళ్లు, 'సి' నుంచి 'డి'కి నాలుగు, 'డి' నుంచి 'ఇ'కి నాలుగు, 'ఇ' నుంచి 'ఎఫ్'కు అయిదు, 'ఎఫ్' నుంచి 'జి'కి అయిదు సంవత్సరాల సర్వీసు కావాలి. ఎక్కడా ఆగకుండా నడిచినా మొత్తం ఇరవై ఒక్క ఏళ్ల ప్రయాణం ఇది. ముప్పై దాటి ఉద్యోగంలో చేరే పరిశోధకుడికి అరవై ఏళ్ల విరమణలోగా చేజారవిడుచుకోదగిన కాలం పెద్దగా ఉండదు.

సి.ఎస్.ఐ.ఆర్. తన దారి తాను వేసుకుంది. మొదట 71(బి) ఉపనిబంధన ఉండేది. 1981 ఫిబ్రవరి 1 నుంచి కొత్త నియామక, మదింపు పథకం వచ్చింది. జాతీయ వైమానిక ప్రయోగశాలకు సుదీర్ఘకాలం సారథ్యం వహించిన తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ ఎస్.ఆర్. వల్లూరి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సిఫార్సులు దానికి ప్రాతిపదిక. తరువాత 1988లో 'మానస్' అనే సంక్షిప్తనామంతో మరొకటి, 2001లో ఇంకొకటి వచ్చాయి. ఉద్దేశం మంచిదే. కాని ప్రతి కొత్త పథకమూ పాత పథకం కింద సర్వీసు చేసినవారిని ఏ గట్టున దించాలన్న తగవును వెంటబెట్టుకుని వచ్చింది. నియమాలు మారినంత సులువుగా మనిషి సర్వీసు రికార్డు మారదు కదా!

ఎవరు అర్హులు?

ఈ తగవుల్లో పేరుపడినది మైసూరు కేసు. అక్కడి కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో పనిచేస్తున్న భట్ అనే సివిల్ ఇంజనీరు 71(బి) కింద తన పదోన్నతిని పరిశీలించాలని కోరారు. ఆ నిబంధన పరిశోధనలో ఉన్న శాస్త్ర, సాంకేతిక సిబ్బంది కోసమేననీ, భవనాలు, వసతుల పని చూసే ఇంజనీరుకు అది వర్తించదనీ మండలి వాదన. ట్రిబ్యునల్ భట్ పక్షాన నిలవగా మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1989లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. ఇంచుమించు ఇరవై ఏళ్లపాటు ఒక ఉద్యోగిని ఒకే మెట్టుపై నిలిపి ఉంచారన్న వాస్తవం న్యాయమూర్తులను కదిలించింది. సంస్థ మనిషిని ఒక్క కొలువు కోసం కాక, ఒక జీవితకాలపు వృత్తి కోసం చేర్చుకుంటుందని, ఎదిగే అవకాశం కల్పించడం ఆ సంస్థ బాధ్యత అని ఆ తీర్పు భావం. అటు తరువాత ఎదుగూబొదుగూ లేని ఉద్యోగుల వ్యాజ్యాలన్నింటా ఆ మాట మారుమోగుతూనే ఉంది.

అయితే ఆ తీర్పు ఇచ్చిన ఊరట ఎంత గొప్పదో, దాని పరిధి అంత చిన్నది. ఎదిగే అవకాశం ఉండాలన్నది వేరు, పదోన్నతి హక్కు అనడం వేరు. పరిశీలన పొందడమే ఉద్యోగి హక్కు, పదోన్నతి కాదు. కేవలం సీనియారిటీ కూడా చాలదు. నియమం ఎనిమిదేళ్ల సర్వీసు కావాలంటే ఎనిమిదేళ్లు పూర్తికావలసిందేనని, సీనియారిటీ అర్హతకు ప్రత్యామ్నాయం కాజాలదని 1988లో ప్రభాదేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది సచివాలయ ఉద్యోగుల వివాదమే అయినా, శాస్త్రవేత్తల ఫైళ్లపై కూడా ఆ సూత్రమే పనిచేస్తుంది. అడ్‌హాక్‌గా పనిచేసిన కాలాన్ని సర్వీసులో కలపాలా అన్న ప్రశ్నకు 1990లో రాజ్యాంగ ధర్మాసనం సమాధానమిచ్చింది: నియామకం నిబంధనల ప్రకారం జరిగితే కలుస్తుంది, నిబంధనలను పక్కనబెట్టి తాత్కాలిక ఏర్పాటుగా జరిగితే కలవదు. పరిశోధన సంస్థల్లో ఫెలోషిప్పులతో, ప్రాజెక్టు కొలువులతో ఏళ్లు వెళ్లదీసి ఆ తరువాత స్థిరపడినవారికి ఈ రెండవ భాగం చేదుగానే ఉంటుంది.

సర్వీసు లెక్క తేలినంత మాత్రాన నిపుణుల కమిటీ ముందుకు వెళ్లే అవకాశం రాదు. అంతకు ముందు వార్షిక గోప్య నివేదికల మార్కులతో ఒక వడపోత జరుగుతుంది. అక్కడ ఆగిపోయినవారికి ఇంటర్వ్యూ పిలుపే ఉండదు. ఎందుకు ఆగారో కూడా చాలాకాలం తెలిసేది కాదు. ప్రతికూల వ్యాఖ్యలను మాత్రమే ఉద్యోగికి తెలపడం ఆనవాయితీ. 'బాగుంది' అన్నది ప్రతికూలం కాదు, కనుక తెలపనక్కరలేదు. కాని పదోన్నతికి 'చాలా బాగుంది' అవసరమైన చోట ఆ 'బాగుంది' అనే మెచ్చుకోలే ఉరితాడు అవుతుంది. సరిహద్దు రహదారుల సంస్థకు చెందిన దేవ్ దత్ అనే ఇంజనీరు కేసులో 2008 మే 12న సుప్రీంకోర్టు ఈ విడ్డూరానికి తెరదించింది. ఏ స్థాయి గ్రేడింగైనా సరే ఉద్యోగికి తెలిపి తీరాలన్నది. మరుసటి ఏడాది మే నెలలో కేంద్రం మొత్తం నివేదికనే ఉద్యోగికి అందించాలని ఉత్తర్వు జారీచేసింది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దేవ్ దత్ సూత్రాన్ని స్థిరపరచింది. ఎడతెగని పరీక్షల మధ్య ఏళ్ల తరబడి ఫలితం కోసం వేచిచూసే పరిశోధకుడి పనిని పన్నెండు నెలల నివేదికలో ఇమడ్చడం ఎంత కష్టమో ఎన్.ఎం.ఎల్. వంటి చోట వేరుగా చెప్పనక్కరలేదు. గ్రేడింగు తెలిస్తే కనీసం దానిపై విన్నపం చేసుకునే వీలుంటుంది.

ఈ వడపోతల వెనుక మనుషులున్నారన్న సంగతి దేశం ఒకసారి చాలా విషాదకరంగా గ్రహించవలసి వచ్చింది. 1972 మే నెలలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎంపికల పట్ల నిరాశ చెందిన ఒక వ్యవసాయ శాస్త్రవేత్త ప్రాణం తీసుకున్నారు. పార్లమెంటులో దుమారం రేగింది. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ నాయకత్వాన విచారణ కమిటీ ఏర్పడింది. వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి, 1975లో వ్యవసాయ పరిశోధన సర్వీసు ఆ మథనం నుంచి పుట్టినవే.

తేదీ తెచ్చిన తంటా

అర్హత ఎవరిదో తేలిన తరువాత మిగిలేది తేదీ. పైకి అల్పంగా కనబడే ఈ అంశమే నేడు అత్యధిక చిక్కులకు మూలం. ఒక శాస్త్రవేత్తకు జనవరి 1న నాలుగేళ్లు నిండాయనుకుందాం. నిపుణుల కమిటీ ఆ ఏడాది కూర్చోలేదు. బయటి సభ్యుల తేదీలు కుదరలేదు, ఫైలు ఒక శాఖ నుంచి మరొక శాఖకు తిరుగుతూ ఉంది. మరుసటి ఏడాది చివర కమిటీ కూర్చుని అర్హుడని తేల్చింది. అతడి పదోన్నతి ఏనాటి నుంచి?

రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ శాస్త్రవేత్తలు ఇదే ప్రశ్న వేసినప్పుడు ట్రిబ్యునల్ వారికి అనుకూలంగా వెనుకటి తేదీ ఇచ్చింది. కాని 1989లో వడేరా కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. పోస్టు ఏర్పడిన రోజు నుంచో, ఖాళీ పడిన రోజు నుంచో పదోన్నతి ఇవ్వాలనే చట్టమేదీ లేదనీ, పదోన్నతి ఇచ్చిన నాటి నుంచే అది అమలవుతుందనీ స్పష్టం చేసింది. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ ప్రయోగశాలలకు కూడా ఇది శిరోధార్యమైంది. ఒకే ఏడాది ఒకే న్యాయస్థానం నుంచి వెలువడిన భట్, వడేరా తీర్పులను పక్కపక్కన ఉంచి చూస్తే, ఎదిగే అవకాశం విషయంలో ఉదారంగా ఉన్న న్యాయం తేదీ విషయంలో చేయి బిగబట్టిందని అర్థమవుతుంది.

ఇరవై రెండేళ్ల తరువాత గాలి కొంత మళ్లింది. భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థలో పనిచేసిన మూర్తి అనే శాస్త్రవేత్త 1999 జనవరి 1 నాటికి పై గ్రేడుకు పరిశీలనార్హులయ్యారు. పదోన్నతి ఏడాదికి పైగా ఆలస్యంగా వచ్చింది. ఫ్లెక్సిబుల్ కాంప్లిమెంటింగ్ పథకంలో ఖాళీ ప్రసక్తే లేనప్పుడు, కమిటీ సకాలంలో కూర్చోకపోవడం ఉద్యోగి తప్పు కానప్పుడు, ఆ నష్టం అతడెందుకు భరించాలన్నది వాదన. ఢిల్లీ హైకోర్టు దీనిని అంగీకరించింది. 2011 మే 2న సుప్రీంకోర్టు కేంద్రం పిటిషన్‌ను తోసిపుచ్చింది. కమిటీ సమావేశం కాకపోవడానికి అనివార్య కారణాలున్నాయని ప్రభుత్వం కనీసం చెప్పుకోలేదని కూడా గుర్తుచేసింది. ఈ తీర్పు ఆసరాగా పలు వైజ్ఞానిక శాఖల సిబ్బంది అర్హత తేదీ నుంచే పదోన్నతి కోరుతూ ట్రిబ్యునళ్లను ఆశ్రయించారు. పదోన్నతి ఎప్పుడూ మునుముందుకే తప్ప వెనక్కు వర్తించదన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదనలో కొంత పరిపాలనా సౌలభ్యం ఉన్నమాట నిజమే. కాని ఆలస్యం చేసేది ఒకరు, మూల్యం చెల్లించేది వేరొకరు అయినప్పుడు సౌలభ్యం ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

2024 నవంబరు 27న వచ్చిన మరొక తీర్పు త్రాసును తిరిగి రెండవ వైపుకు మొగ్గించింది. పశ్చిమ బెంగాల్ ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాలలో ఒక ప్రిన్సిపల్ సైంటిఫిక్ ఆఫీసరును చీఫ్ సైంటిఫిక్ ఆఫీసరుగా నియమించాలని పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2016 డిసెంబరు 29న సిఫార్సు చేసింది. రెండు రోజుల్లో, డిసెంబరు 31న, ఆయన పదవీ విరమణ చేశారు. తుది ఆమోదం 2017 జనవరి 4న వచ్చింది. కనీసం కాగితంపైనైనా పదోన్నతి కల్పించి పెన్షన్ లెక్కకట్టాలని రాష్ట్ర ట్రిబ్యునల్, కలకత్తా హైకోర్టు అన్నాయి. సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఆ రాష్ట్ర సర్వీసు నిబంధనల ప్రకారం పై పోస్టు బాధ్యతలు స్వీకరిస్తేనే ఆ వేతనం. విరమించిన వ్యక్తి బాధ్యత స్వీకరించజాలడు, కనుక పదోన్నతి లేదు. ఇది ఖాళీతో ముడిపడిన పోస్టు, మూర్తిది ఖాళీతో సంబంధం లేనిది. ఆ తేడా కీలకమే. అయినా ప్రభుత్వ న్యాయవాదులకు చేతికందిన కొత్త ఆయుధం ఇది. ఎన్.ఎం.ఎల్.లో గానీ మరొకచోట గానీ విరమణకు దగ్గరపడిన శాస్త్రవేత్త ఇకపై క్యాలెండరు చూస్తూ కమిటీ కోసం ఎదురుచూడవలసిందే.

ఏ తలుపు తట్టాలి?

న్యాయం మాట అటుంచి, న్యాయస్థానం తలుపే సి.ఎస్.ఐ.ఆర్. సిబ్బందికి చాలాకాలం సగం మూసి ఉంది. మండలిలో జూనియర్ స్టెనోగ్రాఫరుగా ఉన్న సభాజిత్ తివారీ వేసిన వ్యాజ్యంలో 1975లో సుప్రీంకోర్టు, సి.ఎస్.ఐ.ఆర్. కేవలం రిజిస్టరైన సొసైటీ మాత్రమేననీ, రాజ్యాంగం 12వ అధికరణం చెప్పే 'రాజ్యం' పరిధిలోకి రాదనీ తీర్పు చెప్పింది. అంటే ప్రాథమిక హక్కుల పేరిట ఆ సంస్థను నిలదీయడం కుదరదు. ప్రధానమంత్రి అధ్యక్షుడుగా ఉండి, ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ ప్రభుత్వం కాదన్నమాట! 1986 నవంబరు 17 నుంచి మండలిని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ పరిధిలోకి తేవడంతో సర్వీసు వివాదాలకు ఒక వేదిక దొరికింది. ట్రిబ్యునల్ తీర్పుపై హైకోర్టు డివిజన్ బెంచికి వెళ్లవచ్చునని 1997లో చంద్రకుమార్ కేసు తేల్చింది. కలకత్తాలోని మండలి ప్రయోగశాల ఉద్యోగులు తమ తొలగింపుపై వేసిన ప్రదీప్ కుమార్ బిశ్వాస్ కేసులో 2002 ఏప్రిల్ 16న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అయిదుగురు ఒకవైపు ఇద్దరు మరొకవైపు కాగా, 1975 నాటి తీర్పును రద్దుచేసింది. ఇరవై ఏడేళ్లకు సి.ఎస్.ఐ.ఆర్. 'రాజ్యం' అయింది.

జంషెడ్‌పూర్ ఉద్యోగికి దూరం సమస్య అదనం. 2000 నవంబరు 15న జార్ఖండ్ అవతరించే దాకా ఈ నగరం బీహారులో ఉండేది. ట్రిబ్యునల్ బెంచి పాట్నాలో. రాంచీలో సర్క్యూట్ సిట్టింగులు జరిగినప్పుడు కొంత వెసులుబాటు. పై అప్పీలు పూర్వం పాట్నా హైకోర్టు రాంచీ బెంచికి, రాష్ట్ర విభజన అనంతరం జార్ఖండ్ హైకోర్టుకు. హైదరాబాదులోని ప్రయోగశాలల వారికి ట్రిబ్యునల్ బెంచి, హైకోర్టు రెండూ ఊళ్లోనే ఉన్నాయి. ఒకే నిబంధనపై ఒకే ఫిర్యాదు మోసుకునే ఇద్దరు శాస్త్రవేత్తల మధ్య ఈ అంతరం సెలవుల ఖాతాలోను, రైలు ఖర్చులోను తెలిసిపోతుంది.

ఇంత శ్రమ పడవలసిన విలువ ఆ ఒక్క ఏడాదికి ఉందా అంటే, ఏడవ వేతన సంఘం పట్టికే సమాధానం చెబుతుంది. సి.ఎస్.ఐ.ఆర్.లో సీనియర్ సైంటిస్టు 12వ స్థాయి, ప్రిన్సిపల్ సైంటిస్టు 13వ స్థాయి. కేంద్ర శాఖల్లో సైంటిస్టు 'డి', 'ఇ' గ్రేడులకు అవే స్థాయిలు. 12వ స్థాయి మూల వేతనం 78,800 రూపాయల వద్ద మొదలవుతుంది. నాలుగు ఇంక్రిమెంట్లు పొందితే 88,700. పదోన్నతి వస్తే 13వ స్థాయి ఆరంభమైన 1,23,100 రూపాయలకు చేరుతుంది. తేడా నెలకు 34,400 రూపాయలు. ఏడాది ఆలస్యమైతే కరువు భత్యం కలపకుండానే 4,12,800 రూపాయల నష్టం. అక్కడితో ఆగదు. తరువాతి గ్రేడుకు సర్వీసు లెక్క ఆలస్యపు తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి ఈ ఏడాది వెనుకబాటు ఆపై మెట్లన్నింటా వెంట నడుస్తుంది. 2004కు ముందు చేరినవారి పెన్షన్ చివరి వేతనంలో సగం. ఒక మెట్టు కిందనే విరమిస్తే ఆ తక్కువ జీవితాంతం, ఆపై కుటుంబ పెన్షన్‌లోను కొనసాగుతుంది. 2004 జనవరి 1 తరువాత కేంద్ర శాఖల్లో చేరి జాతీయ పెన్షన్ పథకంలో ఉన్న శాస్త్రవేత్తకు లెక్క వేరు. మూల వేతనం, కరువు భత్యాలపై ఉద్యోగి వాటా పది శాతం, 2019 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ వాటా పద్నాలుగు శాతం. పైన చెప్పిన 34,400 రూపాయల తేడాపై ఆ రెండు వాటాలూ కలిపి, కరువు భత్యం వదిలేసినా, నెలకు 8,256 రూపాయలు అతడి పెన్షన్ ఖాతాలో జమ కాకుండా పోతాయి.